ఫోర్డ్ మోడల్ టి

ఫోర్డ్ మోడల్ టి: అమెరికా సంయుక్త రాష్ట్రములలో హెన్రీ ఫోర్డ్ స్థాపించిన సంస్థ 1908 మొదలు 1927 వఱకు నిర్మించిన మోటారు కారు. అంతకు పూర్వము సంపన్నుల విలాసవస్తువుగా నుండిన మోటారు వాహనమును రైతు కుటుంబములకును, కార్మిక కుటుంబములకును అందుబాటులోనికి దెచ్చిన కీర్తి ప్రధానముగా దీనిదే.

చైల్డ్ హెరాల్డ్ విల్స్, జోసెఫ్ గాలంబ్ ప్రభృతులు రూపొందించిన యీ కారునకు నాలుగు సిలిండర్లు గలిగి 20 అశ్వశక్తి నిచ్చు ఇంజనును, వనేడియము కలిపిన దృఢమైన ఉక్కు భాగములును, గతుకుల బాటలకు తగినట్లు నేలకు ఎత్తుగా నమర్చిన చట్రమును ఉండెను. పెట్రోలు ఆసనము క్రింది తొట్టినుండి పల్లమునకు పాఱి ఇంజనును చేరునదగుటచే, తొట్టిలో చమురు తగ్గినపుడు నిటారైన మిట్టలను చోదకులు కారును వెనుకకు నడుపుచు ఎక్కెడివారు.

1913లో మిచిగన్ రాష్ట్రమందలి హైలండ్ పార్కు కర్మాగారమున, చట్రము కదలి వచ్చుచుండగా కార్మికులు తాము నిలిచినచోటనే భాగములను బిగించు పద్ధతి ప్రవేశపెట్టబడుటతో, 12 గంటలకు పైగా పట్టుచుండిన చట్రనిర్మాణము మఱుసటి యేటికి దాదాపు గంటన్నరకు దిగెను. ఆరంభమున 850 డాలర్లుగా నుండిన ధర 1925 నాటికి 300 డాలర్లకు లోపడెను. 1914 మొదలు 1925 వఱకు ఈ కారు నలుపు రంగుననే లభించుచుండెను. నవీనతర వాహనముల పోటీకి తాళజాలక 1927లో ఉత్పత్తి ముగియునాటికి తయారైన కార్లు సుమారు కోటి యేబది లక్షలు. ఈ సంఖ్యను 1972లో జర్మనీ దేశపు ఫోక్స్‌వాగన్ బీటిల్ అధిగమించెను.