కంప్యూటరు రచ్చబండ

ఈ మధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి ఇండియాలో ఉన్న అమ్మమ్మకి ఫోనులో తెలుగులో నాలుగు ముక్కలు రాస్తూ, ఉన్నట్టుండి తలెత్తి అడిగింది: "నాన్నా, నేను కొట్టేది ఇంగ్లీషు అక్షరాలు, పడేది తెలుగు అక్షరాలు. ఇది ఫస్ట్ ఎవరు చేశారు?"

"మొదట చేసినవాళ్ళలో హ్యూస్టన్‌లో ఉన్న మన తెలుగువాళ్ళు ఉన్నారమ్మా. నువ్వు పుట్టడానికి చాలా ముందు" అన్నాను కాస్త గర్వంగానే.

"ఎక్కడుంది? చూపించు" అంది.

ఈ కాలం పిల్లలు చూపిస్తే గాని నమ్మరు. కంప్యూటరు ముందు కూర్చుని గంటసేపు వెతికాను. కొన్ని దొరికాయి. ఒకప్పుడు నేను నా కళ్ళతో చదివినవి చాలా దొరకలేదు. ఆ గంట నన్ను చాలా రోజులు వెంటాడింది. అందుకే మన సంఘం సంచికకి ఏదైనా రాయమని సంపాదకవర్గం అడిగినప్పుడు, అమెరికా తెలుగువాళ్ళు ఒకప్పుడు కూర్చుని వాదించుకున్న కంప్యూటరు రచ్చబండల కథ రాద్దామనిపించింది.

ఈ కథ నార్త్ కెరొలినాలో మొదలవుతుంది. 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనే ఇద్దరు విద్యార్థులకి, తమ కంప్యూటరు పక్కనే ఉన్న చాపెల్ హిల్ విశ్వవిద్యాలయం కంప్యూటరుతో టెలిఫోను తీగ మీద కబుర్లు ఇచ్చిపుచ్చుకుంటే బాగుంటుందని ఆలోచన వచ్చింది. అదే యూజ్‌నెట్. దానికి యజమాని లేడు, ముఖ్య కార్యాలయం లేదు. ఒక ఊరి కబురు సంతలో పక్క ఊరివాడి చెవిన పడి, వాడి ద్వారా ఆ పై ఊరికి పాకినట్టు, ఒక విశ్వవిద్యాలయంలో రాసింది పక్క విశ్వవిద్యాలయానికి, అక్కడినుంచి మరొకదానికి నకలై పోయేది. 1987లో ఈ చర్చలన్నిటినీ విషయాల వారీగా సర్ది కొత్త పేర్లు పెట్టారు. సంఘం, సంస్కృతికి సంబంధించినవన్నీ 'సాక్' అనే గొడుగు కిందికి వచ్చాయి. ఆ గొడుగు కింద భారతీయులకొక చోటు, 1990ల తొలినాళ్ళలో తెలుగువాళ్ళకి విడిగా 'సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు' అనే చోటు ఏర్పడ్డాయి. అంత పొడుగు పేరు పలకలేక అందరూ 'స్కిట్' అనేవారు.

ఆ రోజుల్ని ఒకసారి తలుచుకోండి. ఇండియాకి ఫోను చెయ్యాలంటే గడియారం చూసుకుంటూ మాట్లాడేవాళ్ళం. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15 నుంచే. ఉత్తరం రావడానికి వారాలు పట్టేది. అలాంటప్పుడు మంచు కురిసే ఊళ్ళో ఒంటరిగా చదువుకుంటున్న కుర్రాడికి, రాత్రి ల్యాబులో తెలుగు మాట కనిపిస్తే ఎలా ఉండేదో ఇప్పటివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. అక్కడ పాత సినిమా పాటలు, పద్యాలు, గుత్తివంకాయ కూర, ఎన్నికలు, మాటల పుట్టుపూర్వోత్తరాలు అన్నీ చర్చకు వచ్చేవి. తిట్టుకోవడాలూ ఉండేవి. అది లేకపోతే రచ్చబండ ఎలా అవుతుంది?

అయితే తెలుగువాళ్ళు తెలుగులో మాట్లాడుకోవడానికి ఒక చిక్కు ఉండేది. తెర మీద తెలుగు అక్షరం రాదు. అందరూ ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాయాలి, ఎవరి పద్ధతి వారిది. 'కె, ఏ, రెండు ఎల్‌లు, యూ' అని రాస్తే అవి కళ్ళా, కాళ్ళా, కల్లా? చదివేవాడు సందర్భం చూసి ఊహించుకోవాల్సిందే. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఈ చిక్కుకి ఒక కట్టుబాటు ఏర్పరిచారు. చిన్నబడి 'టి' అయితే త, పెద్దబడి 'టి' అయితే ట. చిన్నబడి 'ఎల్' అయితే ల, పెద్దబడి అయితే ళ. 'ఏ' ఒకటి కొడితే అ, రెండు కొడితే ఆ. అలా రాసినదాన్ని తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రాము పేరు 'రిట్'. ఆ కట్టుబాటునే 'ఆర్‌టీఎస్' అన్నారు. కళ్ళూ కాళ్ళూ కల్లూ ఎవరి దారిన అవి విడిపోయాయి.

ఇవాళ ఫోనుల్లో ఉన్న పద్ధతులన్నీ దీన్నుంచే పుట్టాయని నేను అనను. కాని యూనికోడ్ వచ్చి, తెలుగు అక్షరాలు మామూలు కంప్యూటర్లలో చదవగలిగే దాకా ఎన్నో ఏళ్ళపాటు అమెరికా తెలుగువాళ్ళు ఈ కట్టుబాటు మీదే సాహిత్యం చర్చించుకున్నారు. తర్వాత వచ్చిన 'లేఖిని' కూడా దీని దారినే నడిచింది. ఇది ఏ ప్రభుత్వమూ వేసిన కమిటీ చేసిన పని కాదు. రోజూ ఒకచోట కూర్చుని వాదించుకునే మనుషులకి అవసరం పడి, వాళ్ళలో వాళ్ళే చేసుకున్న ఏర్పాటు.

ఆ కూర్చోవడం వల్ల ఇంకా చాలా జరిగాయి. ఈమెయిలు ద్వారా నడిచిన 'తెలుసా', 'రచ్చబండ' వంటి చర్చావేదికలు వచ్చాయి. ఈ వేదికల మీద పరిచయమైన సాహిత్యాభిమానుల పూనికతోనే 1998లో 'ఈమాట' పత్రిక మొదలైంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న మొదలైంది. 

నేను ఈ దేశానికి వచ్చింది 2001 ఆగస్టులో. అప్పటికే స్కిట్ కళ తప్పింది. జనమంతా యాహూ గ్రూపుల్లోకి తరలిపోతున్నారు. నేనూ అలాంటి ఒక చిన్న గుంపులో చేరి, నలుగురు రూమ్మేట్లు పడుకున్నాక రాత్రిళ్ళు చదివేవాణ్ణి. ఒకసారి మా తాతగారి మాట గుర్తొచ్చి, 'తూముకి ఎన్ని కుంచాలు?' అని అడిగాను. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి అని ఒకరు వెంటనే చెప్పారు. మా వైపు అలా కాదని మరొకరు. వారం రోజులు నడిచింది. చివరికి ఒక పెద్దాయన, ఎవరో నాకు తెలియదు, మూడు పేజీల జవాబు రాశారు. వాళ్ళ ఊళ్ళో కుంచం ఎంత, పక్క తాలూకాలో ఎంత, కౌలు గింజలు కొలిచేటప్పుడు తలకొట్టి కొలవడానికీ పోగు పెట్టి కొలవడానికీ తేడా ఎంత, ఆ తేడాలో ఎవరి కడుపు నిండేదీ, ఎవరిది మాడేదీ. నేను అడిగింది ఒక అంకె. ఆయన చెప్పింది ఒక ఊరి బతుకు.

మా అమ్మాయికి నేను చూపించాలనుకున్నవాటిలో అదొకటి. దాన్ని నా పాత కంప్యూటరులో దాచుకున్నాను. పదేళ్ళ కిందట ఇల్లు మారినప్పుడు ఆ కంప్యూటరుని నా చేతులతో నేనే పారేశాను. ఇందులో ఇంకెవరి తప్పూ లేదు.

ఈ రచ్చబండలు ఎందుకు ఖాళీ అయ్యాయి? అన్నిటికీ సోషల్ మీడియానే తిట్టడం తేలిక. నిజానికి చెదలు ముందే పట్టింది. యూజ్‌నెట్‌లో ఏటా సెప్టెంబరులో కొత్త విద్యార్థులు వచ్చి కొన్నాళ్ళు గందరగోళం చేసేవారు. పాతవాళ్ళు మందలించి, 'ముందు కొన్నాళ్ళు చదవండి, తర్వాత రాయండి' అని నేర్పేవారు. 1993 సెప్టెంబరు నుంచి వ్యాపార సంస్థల ద్వారా వచ్చే జనం వరద ఆగలేదు. నేర్పేవాళ్ళ కంటే వచ్చేవాళ్ళు ఎక్కువైపోయారు. 1994 ఏప్రిల్‌లో ఆరిజోనాకి చెందిన లాయరు దంపతులు ఒకే ప్రకటనను వేలాది చర్చావేదికల్లో గుప్పించారు. స్పామ్ అనే మాట జనం నోట పడింది ఆ తర్వాతే. ఇంతకీ ఆ ప్రకటన దేని గురించి అనుకున్నారు? గ్రీన్ కార్డు లాటరీ! మనలాంటి వలసవాళ్ళ ఆశే ఎరగా మొదలైంది ఆ తెగులు.

తర్వాత ఒక్కొక్క దీపం ఆరుతూ వచ్చింది. 2005లో ఏఓఎల్, ఆ తర్వాత మరికొన్ని ఇంటర్నెట్ కంపెనీలు యూజ్‌నెట్‌ను తీసేశాయి. పుట్టినిల్లయిన డ్యూక్ విశ్వవిద్యాలయమే 2010 మేలో తన సర్వరును ఆపేసింది. యాహూ గ్రూపుల్లోని పాత రాతలను 2020 మొదటికల్లా తొలగించి, ఆ ఏడాది డిసెంబరులో ఆ సేవనే మూసేశారు. మధ్యలో మన కుర్రకారంతా ఎగబడ్డ ఆర్కుట్ 2004లో పుట్టి 2014లో పోయింది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ ద్వారా యూజ్‌నెట్‌లో కొత్తగా రాయడం కూడా ఆగిపోయింది. పాతవి మాత్రం చదవచ్చు. జనం 2006 తర్వాత ఫేస్‌బుక్‌కీ, ఆ తర్వాత వాట్సాప్‌కీ వెళ్ళిపోయారు.

అది మంచికే జరిగిందనేవాళ్ళున్నారు. వాళ్ళ మాటలోనూ నిజం ఉంది. స్కిట్‌లో మాట్లాడింది ఎవరు? ఎక్కువగా విశ్వవిద్యాలయాల్లో కంప్యూటరు అందిన మగపిల్లలు. మా అత్తగారు అందులో ఒక్క ముక్క రాయగలిగేవారు కాదు. ఇవాళ ఆవిడ పొద్దున్నే వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపుతారు, మనవరాలి తెలుగులో తప్పులు దిద్దుతారు. ఇది చిన్న లాభం కాదు. కులం పేరుతో, హీరోల పేరుతో కొట్టుకుని మంచివాళ్ళను తరిమేసిన పాపం పాత రచ్చబండలకీ ఉంది.

అయినా ఒక తేడా ఉంది. రచ్చబండ వీధిలో ఉంటుంది. దారిన పోయేవాడు ఆగి వినవచ్చు. వాట్సాప్ గుంపు ఇంటి లోపలి గది. ఎవరో చేరిస్తేనే లోపలికి అడుగు. ఇవాళ పొద్దున అడిగిన మంచి ప్రశ్న సాయంత్రానికి పుట్టినరోజు శుభాకాంక్షల కిందా, పూలగుత్తుల కిందా పూడిపోతుంది. ఆర్నెల్ల తర్వాత అదే ప్రశ్న మరొకరు అడిగితే మళ్ళీ మొదటినుంచీ చెప్పాలి. ఆ పెద్దాయన తూము, కుంచం గురించి మూడు పేజీలు రాసింది నా ఒక్కడి కోసం కాదనుకుంటాను. ముక్కూ మొహం తెలియని రేపటి మనిషి కూడా చదువుతాడన్న నమ్మకంతో రాసి ఉంటారు. మన మాటలు తగ్గలేదు, ఇంకా పెరిగాయి. ఆ నమ్మకమే తగ్గింది.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. టొరాంటో విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో కంప్యూటర్లు చూసుకునే హెన్రీ స్పెన్సర్, 1981 నుంచి 1991 దాకా యూజ్‌నెట్ రాతలను టేపుల మీద దాచాడు. మొత్తం 141 టేపులు. ఆ పదేళ్ళ చరిత్రలో చాలాభాగం ఇవాళ మనకు మిగిలిందంటే ఆ టేపుల చలవే. యాహూ గ్రూపులు మూతపడేటప్పుడు కూడా కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు చేతనైనంత కాపాడి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టారు.

మనలో ఆ పని ఎవరు చేస్తారు? ఇన్నేళ్ళ మన సంఘం సంచికలు, కరపత్రాలు, ఈమెయిలు చర్చలు ఎవరి గరాజులో ఉన్నాయి? ఈ దేశానికి మన తెలుగు ఎలా వచ్చింది, ఎలా నిలబడింది అని రేపు మన మనవలు అడిగితే సాక్ష్యం అందులోనే ఉంది. ఈ పండుగకి ఒక చిన్న పని పెట్టుకుందాం. అటకెక్కిన పాత కంప్యూటరు పారేసే ముందు ఒక్కసారి తెరిచి చూడండి. పాత సంచిక ఉంటే స్కాను చేసి ఇవ్వండి. వాట్సాప్‌లో మీ అమ్మగారు చెప్పిన మంచి మాటను ఎవరైనా చదవగలిగే చోట తేదీ వేసి పెట్టండి.

నా వంతుగా, తూము గురించి ఆ పెద్దాయన రాసినదాంట్లో నాకు గుర్తున్నంత ఒక కాగితం మీద పెట్టాను. ఒక పేజీ అయింది. మిగతా రెండు పేజీలు పోయాయి. అది చదివి మా అమ్మాయి అడిగింది, "ఆ తాతగారి పేరేంటి నాన్నా?" అని.

గుర్తు లేదు.