నిరూపక తలం – ధన, ఋణ సంఖ్యలతో బిందువుల గుర్తింపు

ఒక బిందువు ఎక్కడ ఉన్నదో రెండు సంఖ్యలతో తెలిపే తలాన్ని నిరూపక తలం అంటారు. ఉన్నత పాఠశాల గణితంలో గ్రాఫులకు, సమీకరణాలకు, జ్యామితికి ఇదే పునాది. సరిహద్దు జిల్లాల ఇండ్లలో ఈ పాఠానికి మరొక చిక్కు తోడవుతుంది. పెద్దలు తెలుగులో 'నిరూపకాలు' అని నేర్చినవే పిల్లల పుస్తకాలలో కన్నడంలో 'నిర్దేశాంక', మరాఠీలో 'నిర్దేశక', తమిళంలో 'ఆయత్తొలైవు' అనే పేర్లతో కనబడతాయి. పేరు ఏదైనా కాగితంపై పడే చుక్క ఒక్కటే. చుక్క పెట్టే విధం తెలిసిన తల్లిదండ్రులు ఏ మాధ్యమంలో చదివే బిడ్డకైనా సాయపడగలరు.

ధనం, ఋణం

సంఖ్యారేఖపై సున్నకు కుడివైపున ఉన్నవి ధన సంఖ్యలు, ఎడమవైపున ఉన్నవి ఋణ సంఖ్యలు. క్రీ.శ. 628లో 'బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం' రచించిన బ్రహ్మగుప్తుడు వీటి కూడిక, తీసివేత, గుణకార నియమాలను ధనం (సొమ్ము), ఋణం (అప్పు) అనే పదాలతో వివరించాడు. తెలుగుతో పాటు కన్నడం, మరాఠీ, ఒడియా భాషలలోనూ నేటికీ ఈ పదాలే వాడుకలో ఉన్నాయి. తమిళంలో 'మిగై', 'కుఱై' అంటారు. నిరూపక తలంపై ఈ గుర్తులు దిక్కును తెలుపుతాయి. సంఖ్య ఎంత దూరమో చెబుతుంది, గుర్తు ఏ వైపో చెబుతుంది.

అక్షాలు, పాదాలు

అడ్డంగా గీసిన రేఖ ఎక్స్-అక్షం, నిలువుగా గీసినది వై-అక్షం. అవి ఖండించుకొనే చోటు మూలబిందువు, అనగా (0, 0). కుడివైపు, పైవైపు ధనం. ఎడమవైపు, క్రిందివైపు ఋణం. రెండు అక్షాలు తలాన్ని నాలుగు పాదాలుగా విభజిస్తాయి. కుడి పైభాగం మొదటి పాదం. అక్కడి నుండి గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో లెక్కించాలి. గుర్తులు వరుసగా (+, +), (−, +), (−, −), (+, −).

బీజగణితాన్ని జ్యామితితో కలిపిన 'లా జియోమెట్రీ' గ్రంథాన్ని రెనె డెకార్ట్ 1637లో ప్రకటించాడు. ఆయన పేరు మీదుగానే దీనికి కార్టీజియన్ తలం అనే పేరు వచ్చింది. నాలుగు పాదాల నేటి రూపం తరువాతి గణితజ్ఞుల వలన స్థిరపడింది.

ఊళ్లతో అభ్యాసం

80 డిగ్రీల తూర్పు రేఖాంశం, 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం కలిసే చోటు చిలకలూరిపేట సమీపంలో ఉన్నది. దానిని మూలబిందువుగా తీసుకొని, తూర్పును కుడిగా, ఉత్తరాన్ని పైగా భావిస్తే, తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న పొరుగు పట్టణాల నిరూపకాలు డిగ్రీలలో సుమారుగా ఇలా ఉంటాయి:

యానాం (2.2, 0.7) – మొదటి పాదం
బరంపురం (4.8, 3.3) – మొదటి పాదం
షోలాపూర్ (−4.1, 1.7) – రెండవ పాదం
బళ్లారి (−3.1, −0.9) – మూడవ పాదం
హోసూరు (−2.2, −3.3) – మూడవ పాదం
చెన్నై (0.3, −2.9) – నాలుగవ పాదం

గ్రాఫు కాగితంపై 1 డిగ్రీకి 1 సెంటీమీటరు స్కేలు తీసుకుంటే ఒక్కొక్క చిన్న గడి 0.1 డిగ్రీ అవుతుంది. బళ్లారిని గుర్తించడానికి మూలబిందువు నుండి ఎడమకు 31 చిన్న గడులు, అక్కడి నుండి క్రిందికి 9 గడులు జరిగి చుక్క పెట్టాలి. మొదట అడ్డంగా, తరువాత నిలువుగా జరగడం నియమం. ఈ వరుస తప్పితే యానాం (0.7, 2.2) దగ్గర, అనగా ఉండవలసిన చోటుకు చాలా ఉత్తరాన పడుతుంది.

తీసివేతకు అర్థం

'మైనస్ మైనస్ ప్లస్' అని పిల్లలు కంఠస్థం చేస్తారు. పటం దానికి కారణం చూపుతుంది. చెన్నై నుండి బరంపురం ఎన్ని డిగ్రీలు ఉత్తరాన ఉన్నది? 3.3 − (−2.9) = 6.2. చెన్నై నుండి అక్షం వరకు 2.9, అక్షం నుండి బరంపురం వరకు 3.3, రెండూ కలిస్తేనే మొత్తం. జవాబు ఋణంగా వస్తే ఎదురు దిక్కు అని గ్రహించాలి. బళ్లారి నుండి హోసూరుకు −3.3 − (−0.9) = −2.4, అనగా 2.4 డిగ్రీలు దక్షిణం.

పోల్చేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. 4.1 కంటె 3.1 చిన్నది, కాని −4.1 కంటె −3.1 పెద్దది. షోలాపూర్ బళ్లారి కంటె పడమరన ఉన్నదని పటం చూస్తే ఇది తేటపడుతుంది.

తరచు జరిగే పొరపాట్లు

1. (0, 3) బిందువును ఎక్స్-అక్షంపై గుర్తించడం. మొదటి సంఖ్య సున్న అయితే ఆ బిందువు వై-అక్షంపై ఉంటుంది.
2. అక్షాలపై ఉన్న బిందువులను ఏదో ఒక పాదంలో చేర్చడం. అవి ఏ పాదానికీ చెందవు.
3. సెల్‌ఫోను పటంలోని సంఖ్యలను అదే వరుసలో గ్రాఫుపై గుర్తించడం. అక్కడ సాధారణంగా అక్షాంశం ముందు, రేఖాంశం తరువాత వస్తాయి. గ్రాఫుపై తూర్పు పడమరల సంఖ్యే ముందుండాలి.

మూలబిందువు మారితే

బళ్లారిని (0, 0)గా తీసుకుంటే యానాం (5.3, 1.6), హోసూరు (0.9, −2.4) అవుతాయి. మూడవ పాదంలో ఉన్న హోసూరు నాలుగవ పాదానికి వస్తుంది. గుర్తులు మారినా ఊళ్లు కదలలేదు, వాటి మధ్య దూరమూ మారలేదు. ఋణ గుర్తు ఆ ఊరికి సహజమైనది కాదు; ఎక్కడ నిలిచి కొలుస్తున్నామో దానిని బట్టి వచ్చేది. పిల్లలచేత తమ ఊరిని మూలబిందువుగా పెట్టించి ఈ పట్టికను తిరిగి వ్రాయిస్తే, పాఠం ఏ భాషలో ఉన్నా విషయం మనసుకు పడుతుంది.