కుళ్లాయియు కొక్కెపుసూదియు

రాయలసీమలో కుళ్లాయప్ప యను పేరు గలవారు అనేకులు. అనంతపురము జిల్లాలోని గూగూడున పీర్లపండుగనాడు హిందువులును మహమ్మదీయులును కలసి కొలుచు కుళ్లాయిస్వామి పేరది. కుళ్లాయి యనగా టోపి. పారసీకభాషయందలి కులాహ్ అను శబ్దము సుల్తానుల కొలువులనుండి విజయనగరమునకు వచ్చి, తెనుగువారి నోట కుళ్లాయి యైనది. తలపాగకు అలవాటుపడినవారికి అది మొదట ఎబ్బెట్టుగనే తోచియుండును. కన్నడరాజు కొలువునకు పోవుటకై కుళ్లాయి ధరింపవలసివచ్చినదే యని విసుగుకొన్న చాటువొకటి శ్రీనాథుని పేర ప్రచారమున నున్నది. నూరేండ్లు గడచునప్పటికి ఆ విసుగు పోయి గౌరవము వచ్చినది. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కృష్ణదేవరాయల శిరస్సుపైనున్న పట్టు జరీ టోపిని గూర్చి వ్రాసినాడు. పదునారవ శతాబ్దినాటి లేపాక్షి చిత్రములలో నిడుపాటి కుళ్లాయిలు పెట్టుకొన్న పురుషులు బారులుదీరి యున్నారు. ఆ కాలమున నంద్యాల నేలిన ప్రభువులు ఆరవీటివంశపు శాఖవారు. పింగళి సూరన తన కళాపూర్ణోదయమును అంకితమిచ్చిన నంద్యాల కృష్ణమరాజు వారిలోనివాడే. కుళ్లాయి ధరించినవారి పేర్లు శాసనములందును కావ్యములందును నిలిచినవి. కుట్టినవారి పేర్లు నిలువలేదు.

నేడు నంద్యాలలో కుళ్లాయి యను మాట అరుదు, ఊలుటోపి యందురు. మార్గశిర పుష్యమాసములలో నల్లమల ప్రక్కనుండి తెల్లవారుజామున వీచు చలిగాలికి పాలు పోయువారును, కూరగాయల బండ్లవారును, ఉదయపు నడకకు బయలుదేరు వృద్ధులును చెవులు కప్పు టోపి పెట్టుకొనక మానరు. వీనిలో అంగడి టోపులే యెక్కువ. కాని నంద్యాలలోను, దానికి దక్షిణముగా సుమారు నలువది కిలోమీటర్ల దూరముననున్న ఆళ్లగడ్డలోను కొన్ని యిండ్ల స్త్రీలు కొక్కెపుసూదితో అల్లిన టోపులును అక్కడక్కడ కనబడుచున్నవి. కొన్నిటిపై బుడిపెలు తేలియుండును, కొన్నిటిపై నిలువుచాళ్లు, కొన్నిటిపై జడవలె పెనవేసిన తీగలు. కన్నులు మూసికొని తడిమినను పనితనము తెలియును. ఆ పనితనమునకు వెల యెవరు కట్టుచున్నారను ప్రశ్నయే మమ్ము ఈ వ్యాసమునకు పురికొల్పినది. దానికి సమాధానము దొరకవలెనన్నచో సూది వచ్చిన దారిని కొంత వెదకవలసియున్నది.

ఈ అల్లిక మిక్కిలి ప్రాచీనమని కొందరు నమ్ముదురు గాని, ఐరోపాలో దాని జాడ నిశ్చయముగా దొరకునది పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభమునుండియే. క్రోషే యను ఫ్రెంచిమాటకు చిన్న కొక్కెమని యర్థము. 1823లో పెనెలోపే యను డచ్చి పత్రిక ఈ అల్లిక నమూనాలను ప్రకటించినది. చట్రమునకు బిగించిన గుడ్డమీద కొక్కెముతో గొలుసుకుట్టు వేయు పని ఆసియానుండి ఐరోపాకు పోయి, అక్కడ గుడ్డను విడిచి ఒట్టి దారముతోనే నిలువ నేర్చి క్రోషే యైనదని ఒక వాదము గలదు. మన ఆరీపని ఆ జాతిదే. ఈ వాదము నిజమైనచో మన సొత్తే లోకము చుట్టి మనయింటికి వచ్చినదన్నమాట. అయినను గర్వపడుట కవకాశము తక్కువ, ఏలయన ఆ సూది ఊరూర అడుగుపెట్టినది కరవు వెంట, పేదరికము వెంట.

1845లో ఐర్లండున బంగాళాదుంప పంట కుళ్లిపోయి మొదలైన కరవు 1852 వరకు సాగి సుమారు పదిలక్షలమందిని పొట్టపెట్టుకొన్నది. కార్కు ప్రాంతపు ఉర్సులైన్ సన్యాసినులు బీదబాలికలకు క్రోషే నేర్పిరి. 1847లో క్లోన్సు అను పట్టణమున మతగురువు భార్యయగు కసాండ్రా హాండ్ ఆ పనినే చుట్టుపట్ల పేదలకు జీవనోపాయముగా నెలకొల్పినది. వెనీసు లేసువలె కనబడుచు, దానికంటె త్వరగా తయారగు ఆ వస్తువు సంపన్నస్త్రీలకు నచ్చినది. ఎన్నో కుటుంబములు ఆ సూదిమొనపై బ్రదికినవి. ఇంచుమించు అప్పుడే, 1844లో, స్కాట్లండునుండి వచ్చిన మక్రే యను మిషనరీ దంపతులు గోదావరిసీమలో లేసుపనిని ప్రవేశపెట్టిరని చెప్పుదురు. బీదలైన క్రైస్తవస్త్రీలకు ఇంత కూడు దొరకవలెనని వారి తలంపు. నరసాపురము, పాలకొల్లు చుట్టుపట్ల గ్రామములలో అది వేరుదన్ని, కాలక్రమమున కాపు మొదలగు కులముల స్త్రీలలోనికిని ప్రాకినది.

ఇక కరవునకు కొదువలేని చోటు కర్నూలు జిల్లా. 2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల జిల్లా వేరుపడువరకు నంద్యాలయు ఆళ్లగడ్డయు ఆ జిల్లాలోనివే. 1876–78 నాటి మహాక్షామమునకు ముందు వెనుకల జనాభా లెక్కలను, అనగా 1871, 1881 లెక్కలను పోల్చిచూడగా ఆ జిల్లా జనములో సుమారు నాలుగవవంతు తగ్గిపోయినట్లు తెలియుచున్నది. ఆ దినములలో ప్రభుత్వము ఈ సీమ స్త్రీలకు సూది నీయలేదు, గంప నిచ్చినది. రోడ్లకు కంకర కొట్టుట, మట్టి మోయుట వారి పనులు. 1877లో సర్ రిచర్డు టెంపుల్ కూలిని తగ్గించి, మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని నిర్ణయించెను. స్త్రీకి అంతకంటెను తక్కువ. ఆ తిండితో పనిచేయు దేహము నిలువదని మద్రాసు రాజధాని పారిశుద్ధ్యాధికారియైన కార్నిషు గట్టిగా వాదించి, కొన్ని నెలలకు కొంత మార్పు తెప్పించెను. ఆ టెంపుల్ కూలిని మెచ్చువారెవ్వరును లేరు, మేమును మెచ్చము. కాని ఆ రచ్చలో గమనింపదగిన దొకటున్నది. గంప మోసిన స్త్రీది పనియని ఉభయపక్షములవారును ఒప్పుకొనిరి. దానికెంత యీయవలెనను దానిమీదనే పౌనులలోను అణాలలోను తగవు నడచినది. సూది పట్టిన స్త్రీకి ఆపాటి తగవైనను దక్కలేదు.

నరసాపురము సంగతి చూడుడు. జర్మనుదేశపు సామాజికశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ అక్కడి గ్రామములలో తిరిగి, లేసు అల్లువారితో మాటలాడి, 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. లేసు విదేశములకు ఎగుమతియగుచున్నది. వర్తకులు మేడలు కట్టుచున్నారు. అల్లు స్త్రీకి మాత్రము దినమంతయు వంగి పనిచేసినను పొలములో కూలికిపోవు స్త్రీకి వచ్చు దానికంటెను చాల తక్కువ వచ్చుచున్నది. పని ముక్కలైపోయినది. పువ్వులల్లుట ఒకరి వంతు, దానికి చేతిపని యని పేరు. ఆ పువ్వులను కలుపు అతుకుపని మరొకరి వంతు. పూర్తియైన మేజాగుడ్డ ఎట్లుండునో, దాని నెంతకమ్ముదురో అల్లినవారికే తెలియదు. జనాభా లెక్కలలో వారు పనివారు కారు, గృహిణులు. ఆమెకు తోచిన కారణము మనవంటి వారు శ్రద్ధగా వినదగినది. ఇల్లు కదలకుండుట గౌరవమని ఆ స్త్రీలే నమ్మిరి. పొలమునకు పోవువారికంటె తాము మేలని సంతోషించిరి. ఇంట కూర్చుండి చేయునది తీరికపనియే గదా యని వర్తకుడు దానినే ఆసరా చేసికొన్నాడు. ఘోషా యను గౌరవమునకు ఆ స్త్రీ తన కూలిలోనుండియే సుంకము చెల్లించుచు వచ్చినదన్నమాట.

నంద్యాలలో వర్తకుడు లేడు, ఎగుమతి లేదు. టోపి అడుగువారు ఇరుగుపొరుగువారు, బంధువులు. "వదినా, మా మామగారికొకటి అల్లిపెట్టరాదూ, ఊలు నేను తెచ్చియిచ్చెదను" అందురు. ఊలు ఖరీదిచ్చుటతో ఋణము తీరినదని వారి యభిప్రాయము. ఆ ఊలైనను మన గొర్రెలది కాదు. దక్కను గొర్రె బొచ్చు మోటుది. కురుబవారి చేతిలో అది మంచి గొంగళియగును గాని నుదుటికి తగులు టోపికి పనికిరాదు. అంగళ్లలో దొరకునది లూధియానా మొదలగు చోట్ల తయారగు కృత్రిమపు ఊలు. పెద్దవారి టోపికి సుమారు నూరుగ్రాములు పట్టును.

పని యెట్టిదో చెప్పినగాని కాలము లెక్క తెలియదు. టోపి నడినెత్తినుండి మొదలగును. చిన్న వలయములో పండ్రెండు కుట్లు వేసి, వరుసవరుసకు కుట్లు పెంచుచు బిళ్లవలె పరపవలెను. పెద్దవారి తల చుట్టుకొలత యించుమించు 56 సెంటీమీటర్లు. అల్లిక సాగును గనుక టోపిని 50 సెంటీమీటర్లకే కట్టుదిట్టము చేయవలెను. కావున బిళ్ల అడ్డుకొలత 16 సెంటీమీటర్లైన పిదప పెంచుట మాని, చెవులు కప్పువరకు గోడవలె దింపవలెను. బిళ్లను ఒక వరుస ఎక్కువ పెంచినచో టోపి గంపయగును. ఒక వరుస తగ్గించినచో నెత్తిన నిలువదు. బుడిపెలకు ఒకేచోట అయిదు కుట్లు వేసి ముడివేయవలెను. చాళ్లకు సూదిని కుట్టు తలలో గాక క్రింది వరుస కుట్టు నడుముచుట్టు, ఒకమారు ముందునుండియు ఒకమారు వెనుకనుండియు పోనీయవలెను. అందుచే దారమును కాలమును కూడ ఎక్కువ పట్టును. లెక్క తప్పినచో విప్పుటయే శరణ్యము. చేయి తిరిగినవారికి ఆరుగంటలు, అదియు పొయ్యిమీద పాలు పొంగనియెడల.

ఇచట లోకము సాధారణముగా ఎరుగని సంగతి యొకటి చెప్పవలెను. రెండుసూదుల అల్లికకు ఎన్నడో యంత్రములు వచ్చినవి. ఇంగ్లండులో 1589లోనే విలియం లీ మేజోళ్లల్లు యంత్రమును కనిపెట్టెను. నిజమైన క్రోషేను అల్లగల యంత్రము కర్మాగారములలో వాడుకకు నేటివరకు రాలేదు. ఒకే కొక్కెము, దానిపై ఒకే యుచ్చు, ప్రతి కుట్టునకు సూది క్రొత్తచోట దూరవలెను. ఆ కదలిక యినుముచేతికి సులభముగా పట్టుబడునది కాదు. కావున అంగడిలో ఎంత చౌకగా అమ్ముచున్నను, అది నిజమైన క్రోషే టోపియైనచో ఎక్కడనో ఒక మనిషి కూర్చుండి అల్లినదే. ధర తగ్గినకొలది ఆ మనిషికి ముట్టినది తగ్గినదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఆళ్లగడ్డ శిల్పులకు ప్రసిద్ధి. వారు చెక్కిన విగ్రహములు దేశమంతట గుళ్లకు పోవుచున్నవి. విగ్రహము చేయింపబోవువారు రాయి వెల వేరు, చెక్కుడు కూలి వేరు అని యెరిగియే బేరమాడుదురు. రాయి మేమే తెచ్చియిచ్చెదము, ఊరక చెక్కిపెట్టుమని శిల్పి నడుగువాడు లేడు. ఆ వీధికి కూతవేటు దూరమున, చేతిలో ఉలికి బదులు సూదియున్న స్త్రీని అట్లే అడుగుచున్నారు. అడుగువారిలో స్త్రీలే యెక్కువ. బంధుప్రేమతో అల్లినదానికి వెలకట్టుట మర్యాదగాదని కొందరందురు. కూతురికో మనుమనికో అల్లుదానిని గూర్చి మేమనుటలేదు. మూడవవీధి వారి మామగారికి ఆమె బంధువా?

2024లో నరసాపురపు క్రోషే లేసునకు భౌగోళికసూచిక గుర్తింపు లభించినది. నకలు సరుకు ఆ పేరుతో అమ్ముడుపోకుండ అది కాపాడును. అల్లినవారికి గంటకెంతయో అది నిర్ణయింపదు. ఆ లెక్క మనమే వేసికొనవలెను. 2025–26 సంవత్సరమునకు ఉపాధిహామీ పనిలో ఆంధ్రప్రదేశ్‌కు నిర్ణయించిన దినకూలి 307 రూపాయలు. మట్టి త్రవ్వుటకు నిర్ణయించిన ఆ కూలినే ఎనిమిది గంటలకు పంచి చూచినను ఆరుగంటల అల్లికకు సుమారు 230 రూపాయలగును. వచ్చు మార్గశిరమునకు నంద్యాలలో టోపి అల్లిపెట్టుమనువారు ఊలు సంచితోపాటు ఆ 230 రూపాయలును ముందుగా ఆమె చేతిలో పెట్టవచ్చును. చాళ్లు బాగుగ తేలినవను మెచ్చుకోలు ఆ తరువాతిది.