పరుగును పట్టిన రీలు కెమెరా

దౌడు తీసే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లో ఉంటాయా? ఈ సందేహం తీర్చడానికి 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ బాట పక్కన 12 కెమెరాలు వరుసగా పెట్టాడు. గుర్రం తెంపుకుంటూ పోయిన దారాలే షట్టర్లను కదిలించాయి. ఉంటాయని తేలింది. పరుగును ఒక్క మనిషి చేతిలోని రీలు కెమెరాతో వరుసగా పట్టడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది.

1912లో వచ్చిన స్పీడ్ గ్రాఫిక్ అమెరికా పత్రికలవాళ్ల చేతుల్లో దశాబ్దాలపాటు మెలిగింది. క్లిక్కు క్లిక్కుకీ ఫిల్ము మార్చాల్సిందే. ఆ కాలపు ఓర్పు ఎంతటిదో 1960 డిసెంబర్ 14న బ్రిస్బేన్‌లో కనబడింది. వెస్టిండీస్ ఫీల్డర్ జో సాలమన్ విసిరిన బంతికి వికెట్లు కూలాయి, ఆస్ట్రేలియా బ్యాటర్ మెకిఫ్ రనౌట్, టెస్టు చరిత్రలో తొలి టై. ఆ క్షణాన్ని పట్టిన ఫొటోగ్రాఫర్ రాన్ లోవిట్ దగ్గర అప్పటికి మిగిలింది ఒకే ఒక్క ప్లేటు అంటారు. ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

1959లో నికాన్ ఎఫ్ వచ్చాక 36 ఫ్రేములు, మోటారు, పొడవాటి లెన్సులు అన్నీ ఒకేచోట చేరాయి. కానీ ఈ తరహా కెమెరాలో చూపంతా అద్దం మీదుగానే. క్లిక్‌మన్నప్పుడు ఆ అద్దం పైకి లేస్తుంది, కళ్లముందు చీకటి. బంతి బ్యాటుకు తగలడం వ్యూఫైండర్‌లో కళ్లారా చూశామంటే, అది ఫిల్ము మీద పడలేదన్నమాట! 1972లో కెనాన్ సగం పారదర్శకమైన అద్దాన్ని కదలకుండా బిగించి, సెకనుకు 9 ఫొటోలు తీయించింది. అందుకు కొంత వెలుగును వదులుకుంది.

1985లో మినోల్టా 7000తో ఆటోఫోకస్ కెమెరాలోనే ఇమిడిపోయింది. 1996 నాటి నికాన్ ఎఫ్5 సెకనుకు 8, 2000 నాటి కెనాన్ ఈఓఎస్-1వీ 10 ఫ్రేములదాకా లాగాయి. అంటే రీలంతా నాలుగైదు సెకన్లలో ఖాళీ! అందుకే ఈ అంకెలు చూసి కెమెరా ఎంచుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

దూరపు మైదానంలో క్రికెట్, ఫుట్‌బాల్ తీసేవారికి ఆటోఫోకస్ తప్పదు, నికాన్ ఎఫ్100 లాంటిది చాలు. కోర్టు పక్కనే నిలబడే ఆటలకు మాత్రం నా ఓటు 1982 నాటి నికాన్ ఎఫ్ఎం2కే. సెకనులో 4000వ వంతు షట్టర్, మీటరుకు తప్ప బ్యాటరీతో పనిలేదు. పాతది కొనేటప్పుడు వెనక మూత తీసి, అంచున ఉండే నల్ల స్పాంజిని వేలితో తాకండి. జిగురు అంటితే వెలుగు చొరబడుతుంది, మార్పించాలి. రీలు ఎక్కించి మీట లాగినప్పుడు ఎడమవైపు రీవైండ్ పిడి తిరుగుతోందా చూడండి. తిరగకపోతే ఫిల్ము పట్టు దొరకనట్టే. ఒక కబడ్డీ ఫైనల్ మొత్తం నేనలాగే పోగొట్టుకున్నాను.

ఆ తర్వాతి ఏడాది మళ్లీ వెళ్లాను. మధ్యగీత మీద ముందే ఫోకస్ పెట్టి, షట్టర్ 500 దగ్గర ఉంచి, మోకాళ్ల మీద కూర్చున్నాను. కూతకు వెళ్లినవాణ్ని ముగ్గురు పట్టేశారు. వాడి చెయ్యి గీతవైపు సాగింది. వేళ్లు గీతను తాకకముందే నొక్కాను.