ముద్దాయి యెవరు?



మా సదాశివనగరము ప్రాంతపు రైతొకడు కొంతకాలము క్రిందట నా యొద్దకు ఒక పాత కాగితము తెచ్చెను. ఉర్దూలో వ్రాయబడిన అదాలతు ఫైసలా యది. ఫసలీ 1350, అనగా క్రీ.శ. 1940-41 నాటిది. ఉర్దూ తెలిసిన యొకరు అందలి పేర్లు మాత్రము చదివి, "మీ తాత ముద్దయీ" అని చెప్పి పోయిరట. "సారూ, మా తాత ముద్దాయంట. ఏం తప్పు చేసిండో జర చూడుండ్రి" అని యతడు తలవంచుకొని పలికెను. తాత నేరస్థుడైనచో తమకు ఆ గట్టుమీద హక్కెక్కడిదని, దానిని పొరుగువానికి విడిచిపెట్టుటకు గూడ సిద్ధపడియుండెను.

మా తండ్రిగారు నైజాము కాలపు ఉర్దూ బడిలో చదివినవారు. వారి వలన ఆ లిపి నాకు కొంత పట్టువడినది. చదివి చూచితిని. తాత నేరస్థుడు కాడు. దావా వేసినవాడతడే, గెలిచినవాడును అతడే.

దావా, ముద్దయీ అను రెండును అరబ్బీలో ఒకే ధాతువునుండి పుట్టిన మాటలు. ముద్దయీ యనగా దావా వేసిన వాది. ఎవనిపై దావా వేయబడెనో వాడు 'ముద్దా అలైహి'. ఆ ముద్దయీయే తెనుగున ముద్దాయియై తలక్రిందులైనది; నేడు ముద్దాయి యన్న బోనులో నిలువబడినవాడే. హైదరాబాదు రాజ్యమున 1884 ప్రాంతమున పారసీకి బదులు ఉర్దూ కచేరీల భాషయైనది. ఆ కాలపు కాగితములలో ముద్దయీ వాదిగానే యుండెను. కాగితము మాట యొకటి, నోటిమాట మరియొకటి. ఆ సందులో ఒక కుటుంబపు గట్టు జారిపోబోయినది.

ఈ చిక్కు మనకొక్కరికే కలిగినది కాదు. దూరదేశపు ముచ్చట యొకటి చెప్పెదను, వినుడు. స్పెయిను దేశములో చాల భాగము కొన్ని శతాబ్దములు అరబ్బీ మాటలాడు ప్రభువుల యేలుబడిలో నుండెను. మనము కాజీ యను మాటయే అచ్చట ముందు 'అల్' చేర్చుకొని స్పానిషులో 'అల్కాల్దె' అయ్యెను. తొలుత అతడు న్యాయాధికారి. నేటి అల్కాల్దె పురాధ్యక్షుడు.

అచ్చటి యూదులకు తమ ధర్మశాస్త్రము ననుసరించి తీర్పు చెప్పు సభలు వేరుగ నుండెడివి. అట్టి సభకు హీబ్రూలో 'బేత్ దీన్' అని పేరు, అనగా తీర్పు గృహము. ధనవివాదములకు మువ్వురు కూర్చుండవలెను. 'దీన్' అను మాటను మన ముసల్మాను సోదరులు మతమను నర్థమున వాడుట మీరెరిగినదే. హీబ్రూలో దానికి తీర్పనియే ముఖ్యార్థము. ఆ సభలోని న్యాయాధికారి 'దయ్యాన్'. మన చెవికి దయ్యమువలె వినబడును గాని, అది పాపము ఆయన దోషము కాదు.

1432లో వల్లదొలీద్ పట్టణమున కాస్తీలు రాజ్యపు యూదుల ప్రతినిధులు కూడి కట్టుబాట్లు వ్రాసికొనిరి. వారికి పెద్ద దోన్ అబ్రహాం బెన్వెనీస్తె. న్యాయాధికారుల నెన్నుకొను పద్ధతికి అందొక అధ్యాయము కలదు. ఆ పత్రము చిత్రమైనది: భాష స్పానిషు, లిపి హీబ్రూ, నడుమ నడుమ ధర్మశాస్త్రపు మాటలు హీబ్రూలోనే. వ్రాసినవారికి స్పానిషు రాక కాదు. ఆ మాటలు మార్చినచో తమ సభ యేదో, రాజుగారి సభ యేదో తెలియకపోవునని జంకిరని నా యూహ. అయినను బెన్వెనీస్తె బిరుదు మాత్రము 'రాబ్ దె లా కోర్తె'. ఇందు కోర్తె యనగా రాజాస్థానము. మనము దానిని కోర్టని చదివితిమా, మోసపోయితిమే! ఆయన యూదులకు పెద్ద న్యాయాధికారియే. కాని ఆ పదవి రాజుగారి ప్రాపున వచ్చినది. 1492లో మతము మార్చుకొనని యూదులందరును దేశమునుండి వెడలగొట్టబడిరి.

ఆ యూదుల సభల పేర్లు బైబిలు ద్వారమున మన తెనుగులోనికిని వచ్చినవి. 1818 నాటికే క్రొత్త నిబంధన తెనుగున అచ్చుపడినది. యెరూషలేమునందు 71 మంది కూర్చుండు ఉన్నత న్యాయసభకు సన్హెద్రిన్ అని పేరు. కలిసి కూర్చుండుట అను గ్రీకు మాటనుండి వచ్చినది. నేడు వాడుకలోనున్న తెనుగు బైబిలులో అది 'మహాసభ'. తెలంగాణమున మహాసభ యన్న 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభయే తలపునకు వచ్చును. ఉపన్యాసములు, తీర్మానములు కన్నులకు గట్టును. తీర్పు చెప్పి శిక్ష విధించు స్థానమని వినువానికి తట్టదు. యూదుల లేఖకులను 'శాస్త్రులు' అనుట మాత్రము నాకు సమ్మతము. యెరూషలేములో శాస్త్రులా యని నవ్వు వచ్చినను సమ్మతమే. ఏలయన వారును శాస్త్రమును వ్రాసి, చదివి, అర్థము చెప్పినవారే.

బేత్ దీన్‌కు తెనుగు మాట నన్నడిగినచో 'ధర్మపరిషత్తు' అందును. సంశయము వచ్చినచోట ధర్మము నిర్ణయించు పరిషత్తునకు పదుగురైనను, కనీసము మువ్వురైనను ఉండవలెనని మనుస్మృతి చెప్పుచున్నది. మువ్వురన్న లెక్కయు కలిసినది. కాని మన పరిషత్తు ముఖ్యముగ ప్రాయశ్చిత్తములు విధించునది. బేత్ దీన్ అప్పుల తగవులను, విడాకులను గూడ తీర్చును. కనుక నా మాటయు పూర్తిగ అతుకదు.

రైతు కాగితమును తెనుగు చేసి యిచ్చితిని. ముద్దయీ అను మాటను తీసివేయలేదు. అట్లే యుంచి, ప్రక్కన 'దావా వేసిన వాది' అని వ్రాసితిని. అతడు ఆ పంక్తిని ముమ్మారు చదివించుకొని, కాగితమును రుమాలులో మడిచిపెట్టుకొని, గట్టు చూచివచ్చుటకు పొలమునకు పోయెను.