పర్యావరణ ఉద్యమాలపై ప్రభుత్వ నిఘా (ఆంధ్రప్రదేశ్, తెలంగాణ)

కాలుష్యంపై ఫిర్యాదు చేసేవారిని, భూమినీ నీటినీ కాపాడుకోవడానికి ఉద్యమించేవారిని పోలీసు, ఇంటెలిజెన్స్ విభాగాలు కనిపెట్టి ఉండటాన్ని పర్యావరణ ఉద్యమాలపై నిఘా అంటారు. ఊళ్ళో మఫ్టీ కానిస్టేబుల్ సేకరించే సమాచారం నుంచి ఫోన్ ట్యాపింగ్, సోషల్ మీడియా పరిశీలన దాకా ఇందులోకి వస్తాయి. ప్రభుత్వాలు దీన్ని శాంతిభద్రతల పేరుతో, మరికొన్నిసార్లు జాతీయ భద్రత పేరుతో సమర్థించుకుంటున్నాయి.

ఎన్టీఆర్ జిల్లా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న థర్మల్ కేంద్రాన్ని చూస్తే ఈ సమర్థనలోని చిక్కు అర్థమవుతుంది. జనం వీటీపీఎస్ అని పిలిచే నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ 1979లో మొదలైంది. 210 మెగావాట్ల యూనిట్లు ఆరు, ఆ తర్వాత వచ్చిన 500, 800 మెగావాట్ల యూనిట్లు కలిపి దాని సామర్థ్యం ఇప్పుడు 2,560 మెగావాట్లు. ఎండాకాలం గాలి లేచినప్పుడు బూడిద చెరువు నుంచి వచ్చే పొడి ఆరేసిన బట్టల మీదా, మూతలేని గిన్నెల్లోనూ పడుతుంది. ఆ బూడిద గురించి అర్జీ పెడితే అది ఆరోగ్య సమస్య. బూడిద లారీలకు అడ్డంగా కూర్చుంటే శాంతిభద్రతల సమస్య. 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద కేంద్రం నోటిఫై చేస్తే విద్యుత్ కేంద్రం కూడా నిషిద్ధ ప్రదేశమవుతుంది, అప్పుడు విషయం దేశభద్రత దాకా పోతుంది. బూడిద మారలేదు, ఫైలు పేరే మారింది. నిఘా చరిత్రంతా ఈ పేరు మార్పు చుట్టూనే నడిచింది.

పుల్లరి నుంచి పికెట్ దాకా

అడవి మీద హక్కు అడిగితే రాజ్యానికి ముప్పుగా చూసే అలవాటు వలస పాలనలోనే మొదలైంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తర్వాత అడవిలో పశువుల మేతకు పుల్లరి కట్టాల్సి వచ్చింది. దాన్ని ఎదిరించిన పల్నాటి రైతు కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు తూటాలకు బలయ్యాడు. అదే ఏడాది అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మొదలైన మన్యం తిరుగుబాటు వెనుక కూడా పోడు, అటవీ ఆంక్షల గోడు ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక పాలకులు మారారు గానీ పోలీసుల పాత పనిముట్లు మారలేదు. శాంతికి పూచీ రాయించుకునే బైండోవర్, ముందస్తు అరెస్టు, జనం గుమిగూడకుండా ఆపే 144 సెక్షన్, అనుమానితుల షీట్లు అలాగే ఉండిపోయాయి. 2024 జులై 1 నుంచి, నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144 సెక్షన్ 163గా, బైండోవర్‌కు వాడే 107 సెక్షన్ 126గా మారాయి. ఊళ్ళో మాత్రం ఇప్పటికీ పాత నంబర్లే వినపడతాయి.

శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ కేంద్రం వద్దన్న రైతులు, మత్స్యకారుల మీద 2010 జులై 14న పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. ఆ వెన్నంటే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ప్రాజెక్టుకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. అంటే ఊరివాళ్ళు చెప్పినదాన్నే చట్టం ఒప్పుకుంది, కాకపోతే తూటాలు పేలాక. ఏడాది తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న, అదే జిల్లా కాకరాపల్లిలో మరో థర్మల్ కేంద్రం వద్దన్నవారి మీద మళ్ళీ కాల్పులు జరిగాయి.

డెల్టా ప్రాంతంలో బాగా గుర్తుండిపోయింది భీమవరం దగ్గరి తుందుర్రు. ఆక్వా ఫుడ్ పార్కు వస్తే గొంతేరు కాలువ పాడవుతుందని, తాగునీరు, చేపలు పోతాయని చుట్టుపక్కల ఊళ్ళు కదిలాయి. 2016లో అక్కడ 144 సెక్షన్ పెట్టి, పోలీసు పికెట్లు దింపారు. సభలకు ముందు రోజే నాయకులను అదుపులోకి తీసుకున్నారు, ఆడవాళ్ళను కూడా జైలుకు పంపారు. ఎవరు ఎవరింటికి వెళ్తున్నారు, ఏ రోజు ఎక్కడ కూడుతున్నారు అన్నది తెలియకుండా ముందస్తు అరెస్టులు చేయడం సాధ్యం కాదు. జనం భయం ఊరికే పుట్టింది కాదని 2017 మార్చి 30న తేలింది. మొగల్తూరు దగ్గర మరో ఆక్వా పరిశ్రమలో విషవాయువు సోకి ఐదుగురు కార్మికులు చనిపోయారు.

జాతీయ భద్రత అనే మాట

జాతీయ భద్రత అన్న మాట ఉద్యమాలకు మూడు దారుల్లో అంటుకుంది. మొదటిది మావోయిస్టు ముద్ర. గిరిజన భూముల్లో ప్రైవేటు గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు ఇచ్చింది. అయినా విశాఖ మన్యంలో బాక్సైట్ వద్దన్న గిరిజనుడు అటు మావోయిస్టులకూ, ఇటు పోలీసులకూ మధ్య నలిగాడు. మావోయిస్టులు కూడా బాక్సైట్‌ను వ్యతిరేకించారు కాబట్టి వ్యతిరేకించినవారంతా వారి మనుషులేనన్న అనుమానం న్యాయం కాదు. నిజమైన సాయుధ ముప్పును వెతకాల్సిన యంత్రాంగం గ్రామసభ తీర్మానం చేసినవారి వెంట తిరిగితే భద్రతకూ నష్టమే.

రెండోది అణుశక్తి. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణను వ్యతిరేకిస్తూ అమ్రాబాద్ వైపు బయలుదేరిన ప్రొఫెసర్ కోదండరాంను పోలీసులు దారిలోనే ఆపి అదుపులోకి తీసుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభే యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానించింది.

మూడోది విదేశీ నిధులు. 2014 జూన్‌లో బయటపడ్డ ఇంటెలిజెన్స్ బ్యూరో నివేదిక, విదేశీ నిధులతో నడిచే సంస్థల ఉద్యమాల వల్ల దేశ స్థూల ఉత్పత్తికి ఏటా 2-3 శాతం నష్టమని చెప్పింది. గ్రీన్‌పీస్ కార్యకర్త ప్రియా పిళ్ళైని 2015 జనవరిలో ఢిల్లీ విమానాశ్రయంలో ఆపేశారు. బ్రిటన్ ఎంపీల ముందు మహాన్ బొగ్గు గని గురించి మాట్లాడటానికి ఆమె వెళ్తున్నారు. మార్చి 12న ఢిల్లీ హైకోర్టు ఆ లుకౌట్ నోటీసును కొట్టేసింది.

ఇది భారతదేశానికే పరిమితం కాదు. బ్రిటన్‌లో మార్క్ కెన్నెడీ అనే పోలీసు మారుపేరుతో ఏడేళ్ళు పర్యావరణ బృందాల్లో కలిసిపోయి బతికాడు. 2010లో అతని సంగతి బయటపడటంతో ర్యాట్‌క్లిఫ్ థర్మల్ కేంద్రం దగ్గర నిరసనకు పూనుకున్నవారి మీద పెట్టిన కేసు కుప్పకూలింది. 2011లో అప్పీలు కోర్టు 20 మంది శిక్షలను రద్దు చేసింది.

ఫోన్లు, తెరలు

మావోయిస్టులపై నిఘా కోసం పుట్టిన తెలంగాణ స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచి రాజకీయ నాయకులు, ఇంకా ఎందరో పౌరుల ఫోన్లు విన్నదన్న ఆరోపణలపై 2024 మార్చిలో కేసు నమోదై అధికారులు అరెస్టయ్యారు. 2025 వసంతంలో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల చెట్లు నరుకుతున్నప్పుడు, అడ్డుచెప్పిన విద్యార్థులను అదుపులోకి తీసుకోవడమే గాక, కృత్రిమ మేధతో చేసిన బొమ్మలు పంచారంటూ పోలీసులు సోషల్ మీడియా ఖాతాల వెంటపడ్డారు. నకిలీ బొమ్మ తప్పే. కానీ నరికిన చెట్లు నిజమైనవి, ఆ నరికివేతను ఏప్రిల్ 3న సుప్రీంకోర్టే ఆపింది.

న్యాయస్థానాలు ఈ విషయంలో దాదాపు ఒకే దారిన నడిచాయి. ఫోన్ ట్యాపింగ్‌కు పద్ధతి ఉండాలని 1996లో, గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. జాతీయ భద్రత పేరెత్తినంత మాత్రాన కోర్టు చేతులు ముడుచుకోదని 2021 అక్టోబరులో, ఫోన్లలోకి చొరబడే పెగసస్ నిఘా సాఫ్ట్‌వేర్ కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ నాయకత్వంలోని ధర్మాసనం తేల్చింది. పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల ఆధారంగా రౌడీషీట్లు తెరవడం కుదరదని 2022 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం చెప్పింది.

అయినా అసలు లోటు అలాగే ఉంది. రాష్ట్రంలో ఫోన్ వినడానికి ఆదేశమిచ్చేది హోం కార్యదర్శి. దాన్ని సమీక్షించేది ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఉండే కార్యదర్శుల సంఘం. అందులో న్యాయమూర్తి లేడు, ప్రతిపక్ష సభ్యుడు లేడు. 2024 డిసెంబరులో వచ్చిన కొత్త నిబంధనలూ ఈ ఏర్పాటునే ఉంచాయి. తన ఫోన్ విన్నారని, పని అయిపోయాకైనా ఆ పౌరుడికి చెప్పాలన్న నియమం వాటిలో లేదు.