నీటి పైపులు గడ్డకట్టడం – ఇంటి వెచ్చదనం

చలిదేశాల్లో శీతకాలం రాగానే ఇంటి నీటి పైపుల్లో నీరు మంచుగా బిగుసుకోవడం, పైపులు చిట్లడం, మంచు కరిగాక ఇల్లంతా నీటిపాలు కావడం తరాలుగా ఉన్న బాధ. బావి నుంచో ఏటి నుంచో నీళ్లు మోసుకొచ్చిన కాలంలో పొయ్యి ఉన్న ఒక్క గది వెచ్చగా ఉంటే సరిపోయేది. కుళాయి లోపలికి వచ్చాక మాత్రం గోడల్లో, అటక మీద, నేల కింద పైపు ఎంత దూరం పోతే అంత దూరమూ వెచ్చదనం కావలసి వచ్చింది.

చాలా పదార్థాలు గడ్డకడితే కుంచించుకుపోతాయి. నీరు మాత్రం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఈ పెరుగుదలకు ఎంత బలముందో 17వ శతాబ్దంలోనే ఫ్లోరెన్సు అకాడమీ పండితులు లోహపు గోళాల్లో నీరు నింపి, గడ్డకట్టించి చూశారు. 1784–85 చలికాలంలో క్విబెక్‌లో ఎడ్వర్డ్ విలియమ్స్ అనే ఫిరంగిదళ మేజరు ఇనుప బాంబు గుండ్లలో నీళ్లు పోసి, మూతులకు బిరడాలు దిగ్గొట్టి ఆరుబయట పెట్టాడు. ఒక బిరడా 400 అడుగులకు పైగా ఎగిరి పడింది.

అందుకే పైపును పగలగొట్టేది మంచు ఒత్తిడేనని అందరూ అనుకుంటూ వచ్చారు. ఇది సగం నిజమే. 1990లలో ఇలినాయ్ విశ్వవిద్యాలయపు భవన పరిశోధకులు అటకల్లో పైపులు బిగించి, గడ్డకట్టించి చూసినప్పుడు అసలు సంగతి బయటపడింది. పైపు మధ్యలో ఎక్కడో మంచు బిరడాలా అడ్డుపడి పెరుగుతూ ముందున్న నీటిని తోస్తుంది. అవతల కుళాయి కట్టేసి ఉంటే ఆ నీటికి పోవడానికి దారి ఉండదు. రెంటి మధ్యా ఒత్తిడి విపరీతంగా పెరిగి, మంచు లేని చోటే పైపు చిట్లుతుంది. రాత్రిపూట కుళాయిని బొట్టుబొట్టుగా కారనివ్వాలన్న పెద్దల అలవాటు ఎందుకు పనికొస్తుందో దీనితో తేలింది. ఆ కాస్త ధార మంచును పూర్తిగా ఆపలేకపోయినా ఒత్తిడికి దారి ఇస్తుంది. బయటి చలి సుమారు మైనస్ 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగితే, రక్షణ లేని పైపులకు ముప్పు మొదలైనట్టేనని కూడా వారు తేల్చారు. ఈ రంగంలో ఇంతగా జనానికి పనికొచ్చిన పరిశోధన అరుదు.

ఇల్లు వెచ్చబరిచే పద్ధతులు కుళాయి కంటే చాలా పాతవి. రోమన్లు స్నానశాలల్లో, సంపన్నుల ఇళ్లలో నేలను పొట్టి స్తంభాల మీద నిలిపి, దాని కింద వేడిగాలిని పారించేవారు. కొరియా వాళ్ల ‘ఒందోల్’ వంటింటి పొయ్యి పొగనే గది నేల కిందుగా నడిపింది. 1850లలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫ్రాంజ్ సాన్ గల్లి పోత ఇనుప రేడియేటరు రూపొందించాక, ఒకే చోట కాచిన నీటితో గదులన్నిటికీ వేడి పంపడం తేలికైంది. 1880లలో మినియాపొలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్ కొలిమి గాలితలుపును దానంతటదే తెరిచి మూసే సాధనం చేశాడు. ఇది నేటి థర్మోస్టాట్‌కు పూర్వరూపం. మనిషి నిద్రపోయినా ఇంటి వేడి నిలబడటం పైపులకు పెద్ద రక్ష.

ఎముకలు కొరికే చలి ఏటా వచ్చే చోట ఇళ్లు దానికి తగ్గట్టే కడతారు. మినెసోటా ఉత్తర భాగంలో నేల గడ్డకట్టే లోతును 60 అంగుళాలుగా లెక్కవేసి పునాదులు తీస్తారు. నీటి పైపులు అంతకంటే దిగువన పోతాయి. నష్టమెక్కువ చలి ఎప్పుడో గాని రాని చోటనే. బ్రిటన్‌లో పైపులు బయటి గోడల వెంట, నీటి తొట్టి చల్లటి అటక మీద ఉండేవి. 1963 జనవరిలో మధ్య ఇంగ్లండు సగటు ఉష్ణోగ్రత మైనస్ 2.1 డిగ్రీలకు పడిపోయినప్పుడు జనం వీధి కుళాయిల దగ్గర, నీటి ట్యాంకర్ల దగ్గర బారులు తీరారు. తర్వాత అటక నేలపై దూదిలాంటి పరుపులు పరచడం వ్యాపించింది. దాంతో గదులు వెచ్చబడ్డాయి గానీ కింది వేడి అందక అటక మరింత చల్లబడింది. తొట్టికీ పైపులకూ విడిగా తొడుగులు వేయవలసి వచ్చింది.

2021 ఫిబ్రవరిలో టెక్సస్ ఇదే పాఠం చాలా ఖరీదుగా నేర్చుకుంది. ఫిబ్రవరి 16న డాలస్–ఫోర్ట్‌వర్త్‌లో మైనస్ 19 డిగ్రీలు నమోదైంది. 1949 తర్వాత అక్కడ అంత చలి లేదు. 45 లక్షలకు పైగా ఇళ్లకు, వ్యాపారాలకు కరెంటు పోయింది. రాష్ట్ర లెక్క ప్రకారం 246 మంది చనిపోయారు. అక్కడ చాలా ఇళ్లకు నీటి పైపులు అటక మీదుగా పోతాయి. హీటర్లు ఆగగానే అవి గడ్డకట్టి, కరిగాక పైకప్పులు తడిసి ఊడిపడ్డాయి. అర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో వంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ట్యాంకు డాబా మీద, పైపులు బయటి గోడ మీద ఉండే ఊళ్ల నుంచి వెళ్లినవారికి పైపు చిట్లితే నీళ్లు కట్టేయడానికి మెయిన్ వాల్వు ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోవడం కొత్త అలవాటు.

మన దేశంలో కాశ్మీరులో డిసెంబరు 21 నుంచి నలభై రోజుల ‘చిల్లై కలాన్’ కాలంలో కుళాయిలు బిగుసుకోవడం మామూలే. మనుషులకు ఫెరన్ అనే వదులు అంగీ లోపల కాంగ్రీ కుంపటి ఉంటుంది, పైపులకు గోనెగుడ్డలు, గడ్డి చుడతారు.

బిగుసుకున్న పైపును కరిగించేటప్పుడు నిప్పు పెట్టకూడదు. మంటల వల్ల ఇళ్లు తగలబడ్డ సందర్భాలున్నాయి. ముందు కుళాయి తెరిచి, ఆ కొస నుంచే వేడినీటి గుడ్డతోనో, జుట్టు ఆరబెట్టే యంత్రంతోనో వెనక్కి కాచుకుంటూ పోవాలి. అప్పుడు కరిగిన నీరు కరిగినట్టే బయటికి వచ్చేస్తుంది.